బుగులు గోళీ ఒక్కపారే బంద్ పెట్టకండి

ఈసారి పత్తి రేటు గురించి రాస్తలేను, యూరియా లైన్ల గురించి రాస్తలేను. కందిగింజంత ఉండే ఒక గోళీ గురించి రాస్తున్న. పోస్టు పెద్దగనే ఉంటది. మోటర్ పెట్టి గట్టు మీద కూసున్నప్పుడు తీరికగా చదవండి.

పోయిన వారం మా ఊళ్లో జరిగింది ముందు చెప్తా. మా పక్క చేను కాక ఒకాయన ఉన్నడు, అరవై దాటినయి. నాలుగేండ్ల సంది రాత్రి అన్నం తిన్నాక ఒక గోళీ వేసుకుంటేనే నిద్ర. కొడుకు పట్నంల పనిచేస్తడు. ఇంటికి వచ్చి, ఫోన్‌ల ఏదో వీడియో చూసి, "నాయినా, ఇవి విషం, వీటికి అలవాటైతే మనిషి పిచ్చోడైతడు" అని ఇంట్లో ఉన్న మూడు షీట్లు తీసి పొయ్యిల వేసిండు. ప్రేమతోనే చేసిండు, ఆ పిల్లగాడిని నేను తప్పు పట్టను. కాక కూడా "సరే బిడ్డా, నేను మొండోన్నే, ఇగ ముట్టను" అన్నడు. మొదటి రాత్రి కన్ను మూయలేదు. రెండో రోజు చేతులు వణుకుడు, బనీను తడిసేటట్టు చెమటలు. మూడో రోజు పొద్దున బోరు కాడ స్టార్టర్ డబ్బా తెరవబోయి పడిపోయిండు. ఫిట్స్. పక్క చేన్ల మందు కొడుతున్న పిల్లలు ఉరికొచ్చి, పక్కకు ఒరిగించి, 108కి ఫోన్ చేసిండ్రు కాబట్టి మనిషి దక్కిండు. పడే ముందు చెయ్యి ఆ డబ్బా లోపల ఉండి ఉంటే ఏమయ్యేదో మీకు చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు ఊళ్లో రెండు మాటలు నడుస్తున్నయి. ఒకటి, "గోళీ మానితే ఫిట్స్ వస్తయా? ఎవరో ఏదో చేసి ఉంటరు" అని. రెండోది, "చూసిండ్రా, అందుకే ఆ గోళీ జిందగీల మానొద్దు" అని. రెండూ తప్పే. ఈ గోళీ మానొచ్చు. ఏండ్ల తరబడి ఊరికే మింగుతున్నవాళ్లలో చాలామంది మానాలి కూడా. కాకపోతే ఒక్కరోజులో మానేది కాదది. ఇది నేను ఎక్కడో చదివి చెప్తలేను, నేను మానిన మనిషిని.

నా సంగతి మీలో కొందరికి తెలుసు. వరుసగా రెండు బోర్లు ఫెయిలయ్యి, పత్తికి గులాబీ పురుగు పట్టి, మిత్తి మీద మిత్తి పెరిగిన ఏడాది అది. రాత్రి పన్నెండుకు మెలకువ వస్తే తెల్లారేదాకా గుండె దడ. ఎవరైనా ఇంటి ముందు బండి ఆపితే బుగులు. ఊళ్లో ఆర్ఎంపీ దగ్గరికి పోతే నాడి చూసి, "రంది పెట్టుకున్నవన్నా, ఈ గోళీ వేస్కో" అని ఒక షీటు ఇచ్చిండు. ఆ రాత్రి నిద్రపోయిన నిద్ర నాకు ఇప్పటికీ యాది ఉంది. గోళీ పనిచెయ్యలేదని అబద్ధం చెప్పను, బాగా పనిచేసింది. అసలు చిక్కే అది. పది రోజులకని మొదలుపెట్టింది రెండేండ్లయింది. రాత్రి ఒకటి చాలక పొద్దున సగం కూడా జతైంది. ఎప్పటిదాకా అని నేను అడగలేదు, ఇచ్చినాయన చెప్పలేదు.

నేను కూడా కాక లెక్కనే ఒకసారి పౌరుషానికి పోయి బంద్ పెట్టిన. రెండో రోజుకు ట్రాక్టర్ సప్పుడు చెవులో మేకు కొట్టినట్టు. వెలుతురు పడదు. చర్మం కింద చీమలు పారినట్టు. కండలు వాటంతట అవే ఎగిరిపడతయి. అన్నం సహించదు. పెద్దమ్మాయి చెంబు కింద పడేస్తే నేను గట్టిగా అరిచిన, పిల్ల ఏడ్చింది. ఇగ ఆగలేక గోళీ మింగిన. గంట తిరగకముందే అంతా సల్లబడ్డది. అప్పుడు నేను అనుకున్నదేంటంటే, "నా రోగం లోపల అట్లనే ఉంది, గోళీ లేకుంటే నేను బతకను" అని. అక్కడే మోసపోయిన. అది నా పాత రోగం కాదు. గోళీ గుంజేసినందుకు ఒళ్లు చేసిన లొల్లి. ఈ తేడా తెలవక ఇంకో ఏడాది మింగిన. జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యురాలు కూసోబెట్టి చెప్పేదాకా నాకు తెలియలేదు.

ఆమె చెప్పింది మన భాషలో చెప్తా. మన మెదడులో ఉరికించే రసాయనాలు ఉంటాయి, ఆపే రసాయనాలు ఉంటాయి. ఆపేదాని పేరు గాబా. అది ట్రాక్టర్‌కు బ్రేకు లాంటిది. ఈ గోళీ ఆ బ్రేకు ఇంకింత గట్టిగా పట్టేటట్టు చేస్తుంది. నాలుగు రోజులైతే పర్వాలేదు. కానీ నెలల తరబడి రోజూ తొక్కిపెడితే మెదడు ఊరుకోదు. బండి నడవాలి కదా, అందుకని బ్రేకు పట్టును తనే వదులు చేసుకుంటుంది, అటుపక్క ఆక్సిలరేటర్ పెంచుకుంటుంది. మొదట్లో సరిపోయిన గోళీ తర్వాత సరిపోకపోవడానికి కారణం అదే. ఇప్పుడు ఆ గోళీని ఒక్కసారే తీసేశామనుకోండి. బ్రేకు వదులు, ఆక్సిలరేటర్ ఫుల్లు, వెనక వడ్ల లోడు, ముందు దిగుడు. వణుకు, చెమట, దడ, నిద్ర పట్టకపోవడం, లేనివి కనపడడం, ఫిట్స్, ఇవన్నీ ఆ బండి ఉరుకుడే. మెదడు తన బ్రేకును మళ్లీ బిగించుకోవడానికి వారాలు పడుతుంది, కొందరికి నెలలు. ఆ టైం దానికి ఇవ్వాలి, అంతే. మనసు గట్టిగ ఉందా మెత్తగ ఉందా అన్నదానితో దీనికి సంబంధమే లేదు. మా కాక కంటే మొండోడు మా మండలంలనే లేడు.

పాత రోగం తిరగబెట్టిందా, మానినందుకు వచ్చిన బాధనా అని ఎట్ల గుర్తుపట్టాలి? పాత గాబరా మెల్లగా వస్తుంది, అవే అప్పుల ఆలోచనలు, అవే భయాలు తీసుకొని వస్తుంది. మానినందుకు వచ్చేది గోళీ తగ్గించిన కొద్ది రోజుల్లోనే వస్తుంది, అంతకుముందు ఎన్నడూ లేనివి తెస్తుంది: సప్పుడు పడకపోవడం, చీమలు పాకడం, కండలు అదరడం. అల్ప్రాజోలం లాంటిది ఒంట్లోంచి తొందరగా దిగిపోతుంది, సగం పోవడానికి దాదాపు 11 గంటలే. అందుకే ఒకటి రెండు రోజుల్లోనే లొల్లి మొదలు. డయజెపాం రోజుల తరబడి ఒంట్లో ఉంటుంది, దానితో వారం దాకా ఏమీ తెలియకపోవచ్చు. "నేను మానిన, నాకేం కాలేదు" అని నాలుగో రోజు చెప్పేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

ఇది మన ఊళ్ల సమస్యే కాదు. ఈ జాతి గోళీల్లో మొదటిది 1960లో, డయజెపాం 1963లో బజారుకు వచ్చాయి. తెల్లదొరల దేశాల్లో కూడా ఏండ్ల తరబడి పిప్పరమెంట్ల లెక్క రాసిచ్చారు. ఇంగ్లండ్‌లో న్యూకాజిల్ అనే ఊళ్లో హెదర్ ఆష్టన్ అనే డాక్టరమ్మ 1982 నుంచి 1994 దాకా ఈ గోళీలు మాన్పించడానికే ఒక క్లినిక్ నడిపింది. రోగులు చెప్పింది విని, మెల్లగా ఎట్ల తగ్గించాలో రాసి పెట్టింది. అమెరికాలో మందుల సంస్థ 2020లో ఈ జాతి గోళీలన్నిటి మీదా అలవాటు గురించి, ఒక్కసారే మానితే వచ్చే ప్రమాదం గురించి పెద్ద హెచ్చరిక వేయించింది. అరవై ఏండ్లకు వేయించింది! మనకు ఎవరూ చెప్పలేదని బాధపడేవాళ్లకు ఇదొక ఓదార్పు అనుకోండి.

ఇప్పుడు లేచి మీ ఇంట్లో షీట్లు తీయండి. కంపెనీ పేరు పెద్దగా ఉంటది, అది వదిలేయండి. కింద చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేరు పిల్లలతో చదివించండి. అల్ప్రాజోలం, క్లోనజెపాం, లోరాజెపాం, డయజెపాం, నైట్రజెపాం, ఎటిజోలం, ఇవి ఆ జాతి. కొన్ని దొంగచాటుగా ఉంటాయి. మనసు దిగులుకు ఇచ్చే ఎస్సిటాలోప్రామ్‌తో క్లోనజెపాం కలిపిన గోళీలు ఉన్నాయి. గుండె దడకు ఇచ్చే ప్రొప్రనలాల్‌తో అల్ప్రాజోలం గానీ ఎటిజోలం గానీ కలిపినవి ఉన్నాయి. కడుపులో గ్యాసు, మెలిపెట్టుడు అని తెచ్చుకునే కొన్ని గోళీల్లో క్లోర్‌డయజెపాక్సైడ్ ఉంటుంది, పైన చెప్పిన 1960 నాటి మొదటి గోళీ అదే. మా అత్తమ్మ ఐదేండ్లు గ్యాసు గోళీ అనుకొని మింగింది అదే. "అది ఆపితే కడుపు కంటే ముందు చేతులు వణుకుతయి బిడ్డా" అంటుంటే నవ్వుకున్నం. నవ్వేది కాదని తర్వాత తెలిసింది.

కల్లు సంగతి కూడా చెప్పాలి, లేకపోతే ఈ పోస్టు సగమే. గౌడన్నలు చెట్టెక్కి దించిన తాటికల్లుకు, ఈతకల్లుకు నేను వ్యతిరేకం కాదు. చెట్లు లేని చోట, నీళ్లల్లో అల్ప్రాజోలం, డయజెపాం, క్లోరల్ హైడ్రేట్ కలిపి కల్లు పేరు పెట్టి అమ్మేదాని గురించి చెప్తున్న. మన తెలంగాణలో ఈ కేసులు ఎన్నిసార్లు పేపర్లల్ల వచ్చినయో మీరే చూసిండ్రు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టి దుకాణాలు మూసినప్పుడు హైదరాబాద్ ఎర్రగడ్డ ఆసుపత్రికి జనం ఎట్ల వచ్చిండ్రో యాది చేసుకోండి. సారా, బ్రాందీ దొరకనోళ్లే కాదు, కల్లు దొరకనోళ్లు కూడా. వణుకుతూ, ఎవరితోనో మాట్లాడుతూ, ఫిట్స్‌తో. కల్లులో ఏమి కలిసిందో తెలియక, అది ఆగితే ఏమైతదో తెలియక. కాబట్టి మీ ఇంట్లో రోజూ అలాంటి కల్లు తాగే పెద్దమనిషిని కోపంతో గదిలో పెట్టి తాళం వేయకండి. ఆయన ఎన్నడూ గోళీ మింగకపోయినా ఒళ్లు గోళీకే అలవాటు పడి ఉంటది. డాక్టరుకు "రోజూ కల్లు తాగుతడు" అని సిగ్గుపడకుండా చెప్పండి.

మరి ఎట్ల మానాలి? మొదటి మాట, డాక్టరు లేకుండా లెక్కలు వేసుకోవద్దు. ఇది ఎందుకు చెప్తున్ననో వినండి. నాకు డాక్టరమ్మ అల్ప్రాజోలం తీసేసి, ఒంట్లో ఎక్కువ సేపు ఉండే వేరే గోళీకి మార్చింది, తగ్గించుడు సాఫీగా ఉంటదని. ఈ మార్పులో ఒక గోళీ మిల్లీగ్రాము ఇంకో గోళీ మిల్లీగ్రాముకు సమానం కాదు. ఎకరానికి ఇంత అని ఒక పురుగుమందు లెక్క ఇంకోదానికి వాడితే ఏమైతది? ఇదీ అంతే. తగ్గించే వేగానికి 2025లో అమెరికా వైద్య సంఘాలు కలిసి ఇచ్చిన సూచన ఏంటంటే, మొదట రెండు నుంచి నాలుగు వారాలకు ఒకసారి ఉన్న డోసులో నూటికి 5 నుంచి 10 వంతులు తగ్గించి చూడాలి, ఎంత తొందరైనా రెండు వారాలకు 25 వంతులు దాటొద్దు. మనిషిని బట్టి డాక్టరు మారుస్తారు. నాకు తొమ్మిది నెలలు పట్టింది. కొన్ని వారాలే మింగినవాళ్లకు ఇంత పట్టకపోవచ్చు, పదేండ్లు మింగినవాళ్లకు ఏడాది దాటొచ్చు.

నేను ఒక నోట్‌బుక్ పెట్టిన. తేదీ, ఎంత వేసుకున్న, ఎన్ని గంటలు పడుకున్న, వణుకు ఉందా. పంట ఖర్చులు రాసే బుక్కులోనే వెనక పేజీల నుంచి రాసిన. తగ్గించిన ప్రతిసారీ నాలుగైదు రోజులు కష్టం, తర్వాత తేరుకునేది. ఒకసారి తగ్గించినంక బాగా ఇబ్బందైతే డాక్టరమ్మ "అక్కడే ఆగు, ఇంకో నెల అదే డోసు" అంది. ఆగడం ఓడిపోవడం కాదని ఆమె చెప్పకపోయి ఉంటే నేను విడిచిపెట్టేవాణ్ని. చివరి మెట్లే ఎక్కువ సతాయించినయి, చిన్న ముక్కకు ఏముందిలే అని చివర్లో దూకొద్దు. ఇంకోటి, కొన్ని గోళీలు మెల్లగా కరిగేటట్టు చేసి ఉంటాయి, పేరు పక్కన ఎస్ఆర్ అని గానీ ఎక్స్ఆర్ అని గానీ ఉంటుంది. వాటిని బ్లేడుతో కొయ్యొద్దు.

ఎప్పుడు మొదలుపెట్టాలన్నది మనం రైతులం మనమే చెప్పుకోవాలి, డాక్టరుకు తెలియదు. నేను పత్తి ఏరుడు అయిపోయి, చేన్లో పని తగ్గినంక మొదలుపెట్టిన. మందు కొట్టే రోజుల్లో మొదలుపెడితే ఒక చిక్కు ఉంది. పురుగుమందు ఒంటికి ఎక్కినా చెమటలు, వణుకు, కండలు అదరడం, ఫిట్స్ వస్తాయి. గోళీ తగ్గించినా దాదాపు అవే. ఏది దేనివల్లనో ఆసుపత్రిలో తేల్చేసరికి టైం పోతది. రెండూ చెప్పాలి: ఏ మందు కొట్టిన, ఏ గోళీ తగ్గిస్తున్న.

గోళీ తగ్గినచోట మందు గ్లాసు పెట్టొద్దు. అది కూడా అదే బ్రేకును తొక్కుతది. రెండూ కలిసినా, నడుం నొప్పికి తెచ్చుకునే ట్రమడాల్ దానికి తోడైనా ఊపిరి నెమ్మదైపోయి మనిషి నిద్రలోనే పోవచ్చు. తగ్గించే రోజుల్లో బావి గడ్డ మీద, ట్రాక్టర్ మీద, కరెంటు డబ్బా కాడ ఒంటరిగా ఉండొద్దు. ఇంకో మాట గట్టిగా చెప్తున్న. ఆ రోజుల్లో మనసు చీకటిగా అయితది, చావు ఆలోచనలు కొందరికి వస్తాయి. నాకు వచ్చినయి. మా ఇంటామె పురుగుమందు డబ్బాలన్నీ వాళ్ల తమ్ముని ఇంట్లో పెట్టి తాళంచెవి వాళ్ల దగ్గరే ఉంచింది. అప్పుడు కోపం వచ్చింది, ఇప్పుడు ఆమె ముఖం చూసినప్పుడల్లా యాదికొస్తది. అలాంటి ఆలోచన వస్తే 14416కు ఫోన్ చేయండి, టెలి మానస్, ప్రభుత్వానిదే, పైసలు లేవు, తెలుగులో మాట్లాడుతరు, రాత్రయినా ఎత్తుతరు. ఫిట్స్ వచ్చినా, లేనివి కనపడ్డా అది ఇంట్లో చూసుకునేది కాదు, 108.

ఇగ నా కోపం కొంచెం రాస్త. ఆర్ఎంపీలను తిట్టే పోస్టు కాదు ఇది. అర్ధరాత్రి తలుపు కొడితే వచ్చేది ఆయనే, పెద్ద డాక్టరు కాదు. కానీ ఈ ఒక్క గోళీ విషయంలో, ఇచ్చే చెయ్యికి మాన్పించే దారి తెలిసి ఉండాలి. తెలియకపోతే ఇవ్వొద్దు. మెడికల్ షాపులకు కూడా తెలుసు: అల్ప్రాజోలం, డయజెపాం షెడ్యూల్ హెచ్1 కిందికి వస్తాయి, 2014 మార్చి 1 నుంచి చీటీ లేకుండా అమ్మొద్దు, ఎవరికి అమ్మింది రిజిస్టర్‌లో రాసి మూడేండ్లు దాచాలి. షీటు మీద ఎర్ర గీత డబ్బాలో ఆ హెచ్చరిక ఉంటది. రెండేండ్లు నేను పేరు చెప్పి కొనుక్కున్న, ఒక్కసారి చీటీ అడగలేదు. పెద్దాసుపత్రి డాక్టర్లలో కూడా కొందరు "నెల వాడి రా" అంటరు, నెలకు మనం పోము, ఆ చీటీతోనే ఏండ్లు నడుస్తది. పోకపోవడం మన తప్పే. కానీ చీటీ మీద "ఇన్ని రోజులే, తర్వాత ఇట్ల తగ్గించు" అని రెండు లైన్లు రాస్తే ఏం పోయింది?

వీడియోలు చూసి "విషం, పారెయ్" అనే పిల్లలకు కూడా ఒక మాట. ఫిట్స్ రోగం ఉన్నవాళ్లకు క్లోనజెపాం, క్లోబజాం రోజువారీ మందు, అది ఆపితే ప్రాణం మీదికి వస్తది. మన రైతులు పురుగుమందు తాగి ఫిట్స్‌తో ఆసుపత్రికి వస్తే ఆపడానికి ఎక్కించేది కూడా డయజెపాం లాంటిదే. కాబట్టి గోళీని తిట్టకండి, మింగే మనిషిని "పిచ్చి గోళీలోడు" అనకండి. మా ఊళ్లో ఆ మాట వల్లనే సగం మంది దాచి మింగుతున్నరు, దాచి మానుతున్నరు, మూడో రోజు పడిపోతున్నరు.

కాక ఇప్పుడు ఇంటికొచ్చిండు. గోళీ మళ్లీ మొదలుపెట్టిండ్రు, ఈసారి డాక్టరు లెక్కతో, పట్టిక రాసిచ్చి. కొడుకు పట్నం పోలేదు, వారం సెలవు పెట్టి నాయినతోనే ఉన్నడు. వచ్చే శుక్రవారం కాకను చూపించడానికి నేను కూడా జిల్లా ఆసుపత్రికి పోతున్న. మా చుట్టుపక్కల ఊళ్లల్ల ఎవరైనా వస్తా అంటే పొద్దున ఆరున్నర బస్సుకు స్టేజీ కాడికి రండి. ఆధార్ కార్డు, ఇంట్లో ఉన్న షీట్లన్నీ, గ్యాసువి కూడా, ఒక సంచిలో వేసుకొని తీసుకురండి. అప్పటిదాకా రోజూ వేసుకునేది ఏదీ మీ అంతట మీరు ఆపకండి.